రక్షణ అంటే శిక్ష తప్పించుకోవడమేనా?

సువార్త సభల పోస్టర్ల మీద, ఆటోల వెనక, రోడ్డు పక్క గోడల మీద తరచూ కనబడే మాట ‘రక్షణ’. సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లను ‘రక్షణ పొందారా?’ అని అడుగుతారు. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు తాము ఏ ఏడాది రక్షించబడ్డారో చెప్పి మొదలుపెడతారు. ఆ వాతావరణంలో పెరగనివాళ్లకు ఇక్కడ ఒక సందేహం తప్పకుండా వస్తుంది. తప్పులన్నీ చేసేసి, చివర్లో ‘నమ్మాను’ అని నీళ్లలో మునిగితే ఖాతా చెల్లిపోతుందా? మరి ఆ తప్పుల వల్ల నష్టపోయినవాళ్ల గతేమిటి?

ఈ సందేహాన్ని కొట్టిపారేయకూడదు. రక్షణ అంటే నరకం తప్పి పరలోకంలో చోటు దొరకడమేనన్న అర్థం చాలామంది క్రైస్తవుల మనసుల్లో కూడా స్థిరపడిపోయింది. బైబిలు చెప్పేది అంతకంటే పెద్ద సంగతి. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో దూత యోసేపుకు కలలో కనబడి, మరియకు పుట్టబోయే బిడ్డ తన ప్రజలను వాళ్ల పాపాల నుంచి రక్షిస్తాడని చెబుతాడు. శిక్ష తప్పడం అందులో ఒక భాగం. మనిషిని పట్టి ఉంచిన పాపం నుంచే అతణ్ని విడిపించడం అసలు పని. క్రైస్తవ విశ్వాసం ప్రకారం రక్షణ ఉచితంగా వస్తుంది. వచ్చాక మనిషిని ఉన్నచోట ఉండనివ్వదు. ఈ రెండింట్లో ఏది ముందో ఏది తర్వాతో తెలిస్తే మిగతాదంతా తేటపడుతుంది.

పాపం ఎక్కడ మొదలవుతుంది?

పాపం అనగానే అబద్ధం, దొంగతనం, వ్యభిచారం, హత్య అని ఒక జాబితా గుర్తొస్తుంది. ఆదికాండం మూడో అధ్యాయం జాబితా ఇవ్వదు, కథ చెబుతుంది. వద్దన్న పండు తిన్నాక ఆదాము హవ్వలు మొదట చేసిన పని, సిగ్గుపడి ఆకులు కుట్టి కట్టుకోవడం. తర్వాత దేవుడు తోటలో నడిచి వస్తున్న చప్పుడు విని చెట్ల మధ్య దాక్కుంటారు. ఎందుకు తిన్నావని అడిగితే ఆదాము నేరాన్ని భార్య మీదికి, ఆమెను తనకిచ్చిన దేవుడి మీదికి కూడా నెడతాడు. ఆమె పాము మీదికి నెడుతుంది. నేల ముళ్లతుప్పలు మొలిపిస్తుంది. తర్వాతి అధ్యాయానికల్లా అన్న తమ్ముణ్ని పొలంలో చంపేస్తాడు.

ఒక నియమం తప్పడమే పాపమైతే జరిమానాతో పోయేది. ఈ కథలో తెగిపోయినవి సంబంధాలు. దేవుడికి మనిషి దూరమయ్యాడు, భార్యకు భర్త దూరమయ్యాడు, రైతుకు నేల ఎదురు తిరిగింది, తన ఒంటిని చూసుకుంటే తనకే సిగ్గేసింది. అపొస్తలుడు పౌలు రోమీయులకు రాసిన పత్రికలో దీన్ని ఇంకో కోణంలో చూస్తాడు. మంచి చెయ్యాలని ఉంటుంది, చేతకాదు. చెడు వద్దనుకుంటాడు, అదే చేస్తాడు. అక్కడ పాపం ఒక యజమానిలా, మనిషి దాని బానిసలా కనిపిస్తారు.

ఆదాము పాపం మనందరికీ ఎలా అంటుకుందన్న విషయంలో సంఘాల మధ్య తేడా ఉంది. పశ్చిమ దేశాల సంఘం అగస్టీను (354–430) అడుగుజాడల్లో ‘జన్మపాపం’ గురించి బోధించింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘం మనకు సంక్రమించింది ఆదాము అపరాధం కాదు, మరణమూ బలహీనతా అంటుంది. మనిషి తనంతట తాను బయటపడలేడన్న చోట మాత్రం అందరూ కలుస్తారు. అందుకే రక్షణ నాలుగు పనులు చెయ్యాలి. అపరాధానికి క్షమాపణ కావాలి, బానిసత్వానికి విడుదల కావాలి, దూరానికి సమాధానం కావాలి, మరణానికి జీవం కావాలి. ఒక్క క్షమాపణనే పట్టుకుని మిగతా మూడింటినీ వదిలేసినప్పుడే రక్షణ అంటే శిక్ష తప్పడమన్న చిన్న అర్థం మిగులుతుంది.

ముందు విడుదల, తర్వాత ఆజ్ఞలు

పాత నిబంధనలో రక్షణ గురించి మాట్లాడే ప్రతివాడికీ గుర్తొచ్చే సంఘటన ఐగుప్తు నుంచి విడుదల. ఇశ్రాయేలీయులు అక్కడ ఇటుకలు చేసే బానిసలు. పస్కా రాత్రి గొర్రెపిల్ల రక్తం ద్వారబంధాలకు పూసుకుని, పొంగని రొట్టెలు తిని, తెల్లవారకముందే ప్రయాణమయ్యారు. ఎర్ర సముద్రం దాటారు. పది ఆజ్ఞలు వచ్చింది ఆ తర్వాత, సీనాయి కొండ దగ్గర. నిర్గమకాండంలో సముద్రం దాటడం 14వ అధ్యాయం, ఆజ్ఞలు 20వ అధ్యాయం. ముందు ఆజ్ఞలు పాటించండి, అప్పుడు విడిపిస్తాను అని దేవుడు అనలేదు. ముందు విడిపించాడు, విడుదలైనవాళ్లు ఎలా బతకాలో తర్వాత చెప్పాడు. రక్షణ గురించి బైబిలు ఎక్కడ మాట్లాడినా వరస ఇదే.

మోషే ధర్మశాస్త్రంలో ఏటా ఒక ప్రాయశ్చిత్త దినం ఉండేది. లేవీయకాండం 16వ అధ్యాయంలో దాని వివరాలున్నాయి. రెండు మేకలను తెస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి, ప్రజల పాపాలన్నీ పైకి ఒప్పుకుంటాడు. తర్వాత ఒక మనిషి దాన్ని ఎడారిలోకి తోలుకెళ్లి వదిలేస్తాడు. పాపానికి ప్రాణమంత ఖరీదు ఉందని మొదటి మేక చెబుతుంది. ఆ పాపం మళ్లీ కంటబడనంత దూరం పోయిందని రెండోది చెబుతుంది. యేసు శిష్యులు సిలువను అర్థం చేసుకున్నది ఈ పస్కా, ఈ ప్రాయశ్చిత్త దినం నేర్పిన భాషలోనే.

సిలువ మీద ఏం జరిగింది?

ఎవరు చేసిన కర్మ వారు అనుభవించక తప్పదనే మాట వింటూ పెరిగిన మనకు ఇక్కడ పెద్ద చిక్కు వస్తుంది. మన పాపాలను యేసు సిలువ మీద మోశాడంటారు. ఒకరి పాపం ఇంకొకరు మొయ్యడమేమిటి? అది న్యాయమేనా?

ఊళ్లో ఒకాయన ప్రోనోటు రాసి లక్ష రూపాయలు అప్పు తీసుకున్నాడనుకుందాం. పంట పోయింది, తీర్చే దారి లేదు. అప్పిచ్చినాయన జాలిపడి నోటు చించేశాడు. బాకీదారు బయటపడ్డాడు. అయితే ఆ లక్ష గాల్లో కలిసిపోలేదు, అప్పిచ్చినాయన కష్టార్జితంలోంచే పోయింది. క్షమించడమంటే నష్టాన్ని తానే భరించడం. మనల్ని ఎవరైనా దారుణంగా మోసగించినప్పుడు, పగ తీర్చుకోకుండా వదిలెయ్యడానికి లోపల ఎంత ఖర్చవుతుందో అనుభవించినవాళ్లకు తెలుసు. క్రైస్తవ బోధలో సిలువ మీద ఉన్నది దారిన పోయే మూడో మనిషి కాదు. అప్పిచ్చిన దేవుడే యేసులో మనిషిగా వచ్చి, నష్టాన్ని తన మీద వేసుకున్నాడన్నది ఆ విశ్వాసం. యేసు ఎవరన్న ప్రశ్నను పక్కన పెడితే సిలువ అన్యాయంగానే కనిపిస్తుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడన్న నమ్మకం మీదే ఈ బోధ అంతా నిలబడింది.

ఆ మరణం మనిషిని ఎలా రక్షిస్తుందో చెప్పడానికి కొత్త నిబంధన ఒక్క చిత్రంతో ఆగదు. న్యాయస్థానంలో దోషి నీతిమంతుడిగా తీర్చబడతాడు. బజారులో బానిసకు వెల చెల్లించి విమోచిస్తారు. దేవాలయంలో బలి జరుగుతుంది. యుద్ధంలో మరణం ఓడిపోతుంది. ఇంట్లో పరాయివాణ్ని కొడుకుగా దత్తత చేసుకుంటారు. తరాల కొద్దీ వేదాంతులు ఒక్కొక్కరు ఒక్కో చిత్రాన్ని లోతుగా తవ్వారు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్, దేవుడు మానవుడు కావడం వల్లే చావుకు లోనైన మనుషులకు దైవజీవంలో పాలు దొరికిందన్నాడు. పదకొండో శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అన్సెల్మ్, బాకీ మనిషి తీర్చాల్సినది, తీర్చగలవాడు దేవుడొక్కడే, కాబట్టి దేవుడే మనిషి కావలసి వచ్చిందని వాదించాడు. ఆ తర్వాతి తరంవాడైన అబెలార్డ్, సిలువ మీది ప్రేమ చూసి మన గుండె కరగడమే మార్పుకు మూలమన్నాడు. పదహారో శతాబ్దపు సంస్కర్తలు మనకు రావలసిన శిక్షను క్రీస్తు భరించాడని నొక్కి చెప్పారు. 1930ల ఆరంభంలో స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలేన్ మరణం మీద, సాతాను మీద విజయమన్న పాత చిత్రాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటి అవసరం లేకుండా చెయ్యలేదు. ఏ చిత్రం తీసుకున్నా, మృత్యువును గెలిచి యేసు తిరిగి లేవడం అందులో కీలకం. లేవకపోతే విశ్వాసమంతా వ్యర్థమేనని పౌలు కొరింథీయులకు తెగేసి చెప్పాడు.

జక్కయ్య ఇంటికి వచ్చిన రక్షణ

సిద్ధాంతం పక్కనబెట్టి ఒక మనిషిని చూద్దాం. లూకా సువార్త 19వ అధ్యాయంలో యెరికో పట్టణపు సుంకపు గుత్తదారుడు జక్కయ్య ఉన్నాడు. రోమా ప్రభుత్వం కోసం పన్నులు వసూలు చేస్తూ, పైన తాను కూడా గుంజుకునే ఉద్యోగం. డబ్బుంది, ఊళ్లో పరువు లేదు. పొట్టివాడు కావడంతో జనం మధ్య యేసు కనబడక మేడిచెట్టు ఎక్కాడు.

యేసు ఆ చెట్టు కింద ఆగి, పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి, త్వరగా దిగు అన్నాడు. అప్పటికి జక్కయ్య ఏ తప్పూ ఒప్పుకోలేదు, ఎవరి డబ్బూ తిరిగివ్వలేదు. జనం సణుక్కున్నారు, పాపి ఇంటికి బస చెయ్యడానికి వెళ్లాడేమిటని. అప్పుడు జక్కయ్య లేచి నిలబడి రెండు మాటలిచ్చాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుతోపాటు ఐదో వంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో ఉంది. జక్కయ్య దానికి ఎన్నో రెట్లు మించి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఆ మాట మీద యేసు ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని, ఇతడు కూడా అబ్రాహాము సంతానమేనని ప్రకటించాడు.

మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నష్టపోయినవాళ్ల గతేమిటి? జక్కయ్య పొందిన రక్షణ వాళ్ల గడపకు కూడా చేరింది, డబ్బు రూపంలో చేరింది. అయితే ఆ డబ్బిచ్చి అతను రక్షణ కొనుక్కోలేదు. పిలుపు ముందొచ్చింది, పశ్చాత్తాపం వెనకొచ్చింది. వెలి వేసినట్టు బతికిన మనిషిని అబ్రాహాము సంతానమని చెప్పి మళ్లీ సమాజంలో నిలబెట్టడం కూడా రక్షణలో భాగమే. ఇదంతా చనిపోయాక ఎప్పుడో కాదు, ఆ రోజే, ఆ ఇంట్లోనే జరిగింది.

కృపా? క్రియలా?

ఈ వరస మీదే సంఘ చరిత్రలో పెద్ద పెద్ద వివాదాలు నడిచాయి. ఐదో శతాబ్దం మొదట్లో పెలాగియస్ అనే సన్యాసి, మనిషి గట్టిగా సంకల్పిస్తే దేవుడి ఆజ్ఞలు పాటించగలడని బోధించాడు. సంకల్పమే జబ్బుపడిందని, ముందు కృప పని చేస్తే తప్ప అది లేవలేదని అగస్టీను ఎదిరించాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను తిరస్కరించింది.

1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ 95 వాదాలు బయటపెట్టాడు. డబ్బు తీసుకుని పాపపరిహార పత్రాలు ఇవ్వడం మీద మొదలైన ఆ గొడవ, మనిషి దేవుడి ముందు నీతిమంతుడు ఎలా అవుతాడన్న ప్రశ్నకు చేరింది. కేవలం విశ్వాసం వల్ల, కేవలం కృప వల్ల అన్నది లూథర్ జవాబు. కతోలిక సంఘం ట్రెంట్ మహాసభలో 1547లో తన జవాబు చెప్పింది. మొదలుపెట్టేది కృపే గాని, మనిషి దానితో సహకరించాలి, నీతిమంతుడు కావడమంటే క్షమాపణ ఒక్కటే కాదు, లోపలి మనిషి కొత్తవాడు కావడం కూడా అంది. నాలుగు శతాబ్దాలు దాటాక, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, ఆ కృపే మన హృదయాలను మార్చి సత్క్రియలకు పురికొల్పుతుందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తేడాలన్నీ పోలేదు గాని, ఒకరినొకరు శపించుకున్న కాలం ముగిసింది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి ఎదిగిన తెలుగు లూథరన్ సంఘానికి, పక్కనే ఉన్న కతోలిక విచారణలకు ఇది దూరదేశపు కబురు కాదు.

పౌలుకూ యాకోబుకూ పడదని కొందరు అనుకుంటారు. క్రియల వల్ల రక్షణ రాదని ఎఫెసీ పత్రికలో రాసిన పౌలు, వెంటనే సత్క్రియల కోసమే దేవుడు మనల్ని తయారు చేశాడని కూడా రాశాడు. క్రియలు లేని విశ్వాసం చచ్చినదని యాకోబు అన్నాడు. వేరు గురించి పౌలు మాట్లాడాడు, పండు గురించి యాకోబు మాట్లాడాడు.

ఒక్క రోజు పనా, జీవితకాలపు పనా?

కొత్త నిబంధనలో రక్షణ మూడు కాలాల్లోనూ కనిపిస్తుంది. పౌలు ఒకచోట రక్షించబడ్డాం అంటాడు, ఇంకోచోట రక్షించబడుతున్న మనం అంటాడు, మరోచోట రక్షించబడతాం అంటాడు. పాప క్షమాపణ దొరికింది, అది జరిగిపోయిన పని. పాపపు పట్టు రోజురోజుకూ సడలుతోంది, అది జరుగుతున్న పని. దాన్నే పరిశుద్ధపరచబడడం అంటారు. పాపమూ మరణమూ లేని కొత్త సృష్టి రాబోతోంది, అది ఎదురుచూసే పని. ‘రక్షించబడ్డాను’ అని తేదీ చెప్పేవాళ్లు మొదటిదాన్ని గుర్తు చేసుకుంటున్నారు. మిగతా రెండింటినీ మరిచిపోతేనే ప్రమాదం.

కృప ఎక్కువ కావాలంటే పాపం ఎక్కువ చేద్దామా అన్న ప్రశ్న పౌలు కాలంలోనే వచ్చింది. పాపం విషయంలో చనిపోయినవాళ్లం ఇంకా అందులోనే ఎలా బతుకుతామని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. హిట్లర్ పాలనలో జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బాన్‌హాఫర్ 1937లో వేసిన పుస్తకంలో, యేసు వెంట నడవకుండా క్షమాపణ మాత్రం అడిగే భక్తిని చవకబారు కృప అని తప్పుపట్టాడు. ఆ నమ్మకం కోసం నిలబడిన ఆయన్ను నాజీలు 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు.

రక్షణ పోగొట్టుకోవచ్చా అన్నదాని మీద సంఘాలు ఏకమాట మీద లేవు. దేవుడు నిజంగా రక్షించినవాడు చివరిదాకా నిలుస్తాడని కాల్విన్ సంప్రదాయం చెబుతుంది. మనిషి విశ్వాసాన్ని వదిలిపెట్టే అవకాశం ఉందని మెథడిస్టులు, చాలామంది పెంతెకొస్తులు అంటారు. ఘోర పాపంతో కృపను పోగొట్టుకున్నవాడు పాపసంకీర్తనంతో తిరిగి పొందవచ్చని కతోలికులు నమ్ముతారు. బాప్తిస్మం విషయమూ అంతే. బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలు విశ్వసించిన పెద్దవాళ్లకే ముంచి ఇస్తాయి. కతోలికులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం పసిపిల్లలకూ ఇస్తారు. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకు బాప్తిస్మం అందలేదు. పరదైసులో ఉంటావన్న మాట మాత్రం అందింది.

అన్నమూ బాప్తిస్మమూ

1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. కరవు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, తిండి ఆశ మీద ఎవరూ నిర్ణయం తీసుకోకూడదని ఆయన ఉద్దేశం. సాయం పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇద్దరిద్దరు బోధకులు వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు.

వాళ్లు అన్నం కోసమే వచ్చారని ఆనాడూ అన్నారు, ఈనాడూ అంటారు. కూలి పని అయిపోయాక వచ్చినవాళ్లను ఆ మాట అనడం తేలిక కాదు. ఆ మార్పులో ఆత్మగౌరవపు ఆశ లేదని చెప్పడమూ సరి కాదు. ఇటుక బట్టీల నుంచి ఇశ్రాయేలీయులను బయటికి తెచ్చిన దేవుడి కథను నమ్మినవాళ్లు, ఊరి చివర బతుకు నుంచి కూడా విడుదల కోరుకుంటే అది రక్షణకు బయటి విషయం కాదు.

రక్షణ ఎవరికన్న చోట ఇంకో ప్రశ్న కూడా ఉంది. యేసు పేరే వినని మంచివాళ్ల సంగతేమిటని చాలామంది అడుగుతారు. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ని వెతికేవారికి కూడా రక్షణ దొరకవచ్చని రెండో వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. క్రీస్తును తెలిసి నమ్మడం తప్పనిసరని చాలా సువార్తిక సంఘాలు పట్టుబడతాయి. తీర్పు దేవుడిదే అన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేరు.

ఒకే పంక్తిలో కూర్చోబెట్టే రక్షణ

విశ్వాసం వల్ల నీతిమంతులుగా తీర్చబడడం అనే బోధను పౌలు ఏ సందర్భంలో చెప్పాడో గలతీ పత్రిక రెండో అధ్యాయం చదివితే తెలుస్తుంది. అంతియొకయ సంఘంలో యూదులూ యూదేతరులూ కలిసి భోంచేసేవాళ్లు. యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే పేతురు జంకి, యూదేతరులతో తినడం మానేశాడు. ఆయన్ను చూసి బర్నబా కూడా పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. ఆ నిలదీత వెంటనే వచ్చే మాటే, ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవరూ నీతిమంతులు కారని, క్రీస్తు మీద విశ్వాసం వల్లే అవుతారని. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్న తగవులో ఈ బోధ రాతకెక్కింది.

తెలుగు సంఘాలకు ఇది సూటిగా తగులుతుంది. ఒకే ఊళ్లో పేటకో చర్చి, కులం చూసి పెళ్లి సంబంధాలు, కులం చూసి సంఘ ఎన్నికల్లో ఓట్లు మన మధ్య ఇంకా ఉన్నాయి. అందరూ వట్టి చేతులతో వచ్చి ఉచితంగా పొందినప్పుడు, ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అనడానికి ఆధారమే మిగలదు. పేతురు వెనకడుగును పౌలు మర్యాద లోపమని అనలేదు, సువార్త సత్యానికి అనుగుణంగా నడవకపోవడమన్నాడు. కాబట్టి పాపం నుంచి రక్షణ పొందామని చెప్పుకునే సంఘం జక్కయ్యలా అన్యాయపు సొమ్మును తిరిగివ్వాలి, అంతియొకయలో పౌలు అడిగినట్టు అందరితో కలిసి కూర్చుని తినాలి. రక్షణ పొందడానికి చెల్లించే మూల్యమని కాదు. పాపం పట్టు వదిలిన మనుషులు అలాగే బతకగలరు, అలా బతకడానికే వాళ్లను విడిపించారు.